గాలియంలో కన్వెక్షన్, దాని మీద అయస్కాంత క్షేత్రం: సెల్ కట్టి కొలిచిన అనుభవం

80 మి.మీ. వ్యాసం, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి సెల్‌లో, అంటే మూసిన పాత్రలో, ద్రవ గాలియం అనే లోహం నింపాలి. కింది నుంచి వేడి చేయాలి, పైన చల్లార్చాలి, నిలువుగా అయస్కాంత క్షేత్రం పెట్టాలి, కన్వెక్షన్ వల్ల, అంటే వేడి ద్రవం పైకి, చల్లనిది కిందికి తిరగడం వల్ల, ఎంత వేడి పైకి వెళ్తోందో కొలవాలి. కాగితం మీద ఇంతే పని. 2024 జూన్‌లో గాలియం ఆర్డర్ పెడితే, నమ్మదగ్గ మొదటి రీడింగ్ చేతికొచ్చేసరికి 2025 ఫిబ్రవరి అయింది. పరిశోధన పత్రాల్లో ‘ప్రయోగ పద్ధతి’ కింద రెండు పేరాల్లో అయిపోయే భాగంలోనే ఆ కాలమంతా గడిచింది. ఇలాంటి సెల్ కట్టబోయేవాళ్లకి ఆ రెండు పేరాల్లో ఉండనివి చెప్పాలని రాస్తున్నాను.

ముందు గాలియం సంగతి. సెల్‌లో పట్టేది 402 ఘన సెంటీమీటర్లు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.09 గ్రాములు, అంటే 2.45 కిలోలు. పైపులు, వ్యాకోచపు గొట్టం (లోహం ఉబ్బితే పోవడానికి పెట్టినది), శుభ్రం చేసేటప్పుడు పోయేది కలుపుకుని 3 కిలోలు తెప్పించాం. 2023 ఆగస్టు 1 నుంచి చైనా గాలియం ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ ప్రభావం ధరలోనూ కనిపించింది, ఎదురుచూపులోనూ కనిపించింది. మాకు వచ్చిన కొటేషన్లు కిలో నలభై వేలకు పైనే. జూన్‌లో పెట్టిన ఆర్డర్ అక్టోబర్ చివర్లో చేరింది. విమానంలో పంపాలంటే ఇది ప్రమాదకర సరుకే: ఐక్యరాజ్యసమితి సంఖ్య 2803, 8వ తరగతి, అంటే లోహాలను తినే పదార్థం. అల్యూమినియం మీద ఒక చుక్క పడి పైపొర పగిలిందంటే, ఆ అల్యూమినియం కొద్ది గంటల్లో చేత్తో విరిగేలా పెళుసుబారుతుంది. అందుకే సరుకు వచ్చేలోపే సెల్ చుట్టుపక్కల ఉన్న అల్యూమినియం ప్రొఫైల్ ఫ్రేములన్నీ తీసేసి చెక్క, స్టెయిన్‌లెస్ స్టాండ్లు పెట్టాం. నిచ్చెన కూడా బయటికి వెళ్లిపోయింది.

పాదరసం ఎందుకు కాదని చాలామంది అడిగారు. అయస్కాంత క్షేత్రం కన్వెక్షన్‌ను ఎప్పుడు ఆపుతుందో శాస్త్రవేత్త చంద్రశేఖర్ 1952లో వేసిన సిద్ధాంతపు లెక్కను 1955లో నకగావా అనే శాస్త్రవేత్త పరీక్షించింది పాదరసంతోనే. కానీ దాని ఆవిరితో రోజూ ఒకే గదిలో ఉండి పని చేయమని ఇవాళ ఏ విద్యార్థికీ చెప్పలేం. గాలియం, ఇండియం, టిన్ కలిసిన మిశ్రమం 10.5 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, గడ్డకట్టే బెడద ఉండదు. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఎక్కువగా వాడేది అదే. మాకు దొరికిన కొటేషన్లలో అది ఇంకా ఖరీదు. అలా శుద్ధ గాలియానికి దిగాం. దాని ద్రవీభవన స్థానం 29.76 డిగ్రీలు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో అది తనంత తానే ద్రవంగా ఉంటుంది. డిసెంబర్‌లో ఉండదు. మా ప్రయోగాన్ని శాసించింది ఈ ఒక్క అంకె.

గాలియం వచ్చేలోపు సెల్ పని నడిచింది. పక్క గోడకు పీక్ ప్లాస్టిక్, 8 మి.మీ. మందం. క్షేత్రంలో కదిలే లోహంలో విద్యుత్తు పుడుతుంది, ప్రవాహాన్ని అడ్డుకునేది అదే. స్టీలు గోడ పెడితే గోడ గుండా కూడా ఆ విద్యుత్తు పారుతుంది, అప్పుడు క్షేత్రం ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటోందన్న లెక్కలో గోడ కూడా వచ్చి చేరుతుంది. డెల్రిన్ అనే ఇంకో ప్లాస్టిక్ చవక, లేత్ మీద హాయిగా తెగుతుంది, కానీ శుభ్రం చేయడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఆగదు. ఖర్చులో గాలియం తర్వాతి స్థానం పీక్ రాడ్‌దే.

కింద, పైన 20 మి.మీ. మందమున్న రాగి ప్లేట్లు. గాలియం రాగితో కలిసి కొత్త సమ్మేళనంగా మారిపోతుంది కాబట్టి ప్లేట్ల మీద నికెల్ పూత తప్పదు. బాలానగర్‌లో చేయించాం, రెండింటికీ కలిపి నాలుగు వేల లోపే అయింది. పూత వేసేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి: కరెంటుతో వేసే మామూలు నికెల్ వద్దు, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న ఎలక్ట్రోలెస్ (కరెంటు లేకుండా వేసే) నికెల్ కావాలి, అది అంటుకోదు. పూత వచ్చాక భూతద్దంతో ప్రతి అంగుళం చూసుకోండి. సూది మొనంత రంధ్రం ఉన్నా గాలియం దానిలోంచి కిందికి దిగి, నెలల్లో పూతను పొక్కులా పైకి లేపుతుంది.

అయస్కాంతం పాతదే. ధ్రువాల వ్యాసం 250 మి.మీ., మధ్య సందు 160 మి.మీ. నిలువు క్షేత్రం కావాలి కనుక దాన్ని పక్కకు పడుకోబెట్టి బిగించాం. 0.3 టెస్లాకు (టెస్లా అంటే క్షేత్ర బలానికి కొలమానం) సుమారు 38,000 ఆంపియర్-చుట్లు, అంటే కరెంటును కాయిల్ చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది, 3 కిలోవాట్ల కరెంటు కావాలి. సందు లెక్క మి.మీ.లలో వేసుకోవాల్సి వచ్చింది: సెల్ 80, రాగి ప్లేట్లు 40, హీటర్ 5, దాని కింద ఇన్సులేషన్ 10, పైన నీళ్ల గది 15. మొత్తం 150. మిగిలిన 10 మి.మీ.లో వైర్లన్నీ పోవాలి. డ్రాయింగ్ వేసేటప్పుడే వైర్ల దారి గీసుకోకపోతే తర్వాత చోటు దొరకదు. బోల్టులు అయస్కాంతానికి అంటుకోని ఇత్తడివి లేదా ఎస్ఎస్ 316 స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు స్పానర్‌తో క్షేత్రం ఉండగా దగ్గరికి వెళ్లకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ఓపిక తినే పని చెప్తాను: గాలియం నికెల్‌కు అంటేలా చేయడం. గాలి తగిలిన మరుక్షణమే గాలియం మీద పాల మీద మీగడలా ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొరతో పోస్తే లోహం ప్లేటును తాకినట్టే కనిపిస్తుంది కానీ మధ్యలో సన్నటి ఆక్సైడ్, గ్యాసు ఉండిపోతాయి. వేడి అక్కడే ఆగుతుంది. మేం చేసిన పద్ధతి ఇది. ప్లేటును 40 డిగ్రీల దగ్గర ఉంచాలి. దూది పుల్లను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, ఒక గాలియం చుక్కను దానితో ప్లేటు మీద రుద్దాలి. మొదట చుక్క ఎటు తోస్తే అటు దొర్లుతుంది, వెనక బూడిద రంగు చార మిగులుతుంది. రుద్దుతూ ఉంటే చుక్క అంచు ఒకచోట పలచబడి, దొర్లడం మానేసి, ఒక్కసారిగా పరుచుకుంటుంది. అక్కడి నుంచి ఆ మెరుపును అంగుళం అంగుళం లాక్కుంటూ పోవాలి. ప్లేటు మొత్తం అద్దంలా అయ్యాక శుద్ధమైన నీటితో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, ఆర్గాన్‌లో పెట్టేయాలి. ఒక ప్లేటుకు ఒక పూట పడుతుంది. ఆమ్లం తగిలినప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పని ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగే పెట్టెలోనే) చేయాలి.

నింపడం కింది నుంచి పైకి. సెల్‌లోని గాలిని పంపుతో తీసేసి, ఆర్గాన్ ఒత్తిడితో గాలియాన్ని కింది రంధ్రం గుండా నెమ్మదిగా పంపాం. సెల్‌ను కాస్త వంచి, పై రంధ్రం అన్నిటికంటే ఎత్తులో ఉండేలా పెట్టాలి, లేకపోతే పై ప్లేటు కింద బుడగ చిక్కుకుంటుంది. ఆర్గాన్ బుడగ గుండా వేడి దాదాపు పోదు. ప్లేటు కింద రూపాయి బిళ్లంత బుడగ ఉన్నా కొలతలన్నీ వృథా.

డిసెంబర్‌లో ఒక రాత్రి కరెంటు పోయి సర్క్యులేటర్ (పై ప్లేటుకు ఒకే వేడిలో నీళ్లు తిప్పే యంత్రం) ఆగింది. గాలియం ఉష్ణోగ్రత 29.76 దాటి కిందికి జారినా వెంటనే గడ్డకట్టలేదు. అది దాని స్వభావం: అతిశీతల స్థితిలో చాలాసేపు ద్రవంగానే ఉండి, ఎక్కడో ఒక చోట మొదలైతే చకచకా గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడు నీళ్లలాగే ఉబ్బుతుంది, 3 శాతం పైచిలుకు. మా సెల్‌లో అది 12 ఘన సెంటీమీటర్లు. వ్యాకోచపు గొట్టం సన్నగా ఉండటంతో లోపలికంటే ముందు అదే గడ్డకట్టింది, లోపలి ఒత్తిడి ఓ-రింగ్‌ను, అంటే అతుకు దగ్గర లీకు ఆపే వలయాన్ని, బయటికి తోసింది. మళ్లీ కరిగించేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కరిగినప్పుడు లోహం కుంచించుకుంటుంది కదా, ఆ ఖాళీలోకి పై నుంచి గ్యాసు దిగి ప్లేటు కింద బుడగైంది. ప్లేట్లు విప్పి, తుడిచి, మళ్లీ నింపేసరికి జనవరి సగం పోయింది. ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. సర్క్యులేటర్‌కు, కింది హీటర్‌కు యూపీఎస్ పెట్టాం. వ్యాకోచపు గొట్టానికి వేరే టేపు హీటర్ చుట్టి, అది ఎప్పుడూ సెల్ కంటే వెచ్చగా ఉండేలా చూశాం. ఎవరైనా శుద్ధ గాలియంతో మొదలుపెడుతుంటే ఈ రెండూ మొదటి రోజే పెట్టుకోండి.

సెన్సర్ల దగ్గర కూడా క్షేత్రాన్ని మరవకూడదు. కె-రకం థర్మోకపుల్‌లో (రెండు లోహపు తీగల జంక్షన్‌తో వేడి కొలిచే సెన్సర్) నికెల్ మిశ్రమాలు ఉంటాయి, ఒక తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది. మేం టి-రకం, అంటే రాగి-కాన్‌స్టంటన్ తీగలవి వాడాం. 1 మి.మీ. తొడుగులో, లోపలి జంక్షన్ తొడుగుకు తగలని రకం. జంక్షన్ తగిలితే సెన్సర్లన్నీ లోహం ద్వారా ఒకదానికొకటి కలిసిపోతాయి, అయస్కాంతపు పవర్ సప్లై రొద అంతా రీడింగ్‌లోకి వస్తుంది. తీగలు మెలిపెట్టి ఉండాలి. సెన్సర్ కొన గోడ గుండా వెళ్లి ద్రవాన్ని తాకాలి. పీక్ గోడ బయట అతికిస్తే వేడి మార్పు అక్కడికి చేరడానికి నిమిషాలు పడుతుంది, లోపల ప్రవాహం పది పదిహేను సెకన్లకోసారి ఊగుతుంటే బయట గీత కదలకుండా తిన్నగా ఉంటుంది. మొదట సగం ఎత్తులో చుట్టూ 8, నడుమ ఒకటి పెట్టాం. 8 చాలవని తర్వాత తేలింది, దాని సంగతి కిందికి వస్తుంది.

పై ప్లేటు 35 డిగ్రీలు, కింది ప్లేటు 45. తేడా 10 డిగ్రీలు. ఈ కొలతలకు రేలీ సంఖ్య, అంటే వేడి తేడా ద్రవాన్ని ఎంత బలంగా కదిలించగలదో చెప్పే అంకె, సుమారు 16 లక్షలు. క్షేత్రం లేనప్పుడు ఈ తేడా నిలబెట్టడానికి హీటర్‌కు 110 వాట్ల దాకా కావాలి. ద్రవం కదలకుండా ఉండి వేడి కేవలం వహనంతో వెళ్తే 19 వాట్లు చాలు. అసలు కథ ఈ రెండు అంకెల మధ్యే. కాబట్టి నాలుగైదు వాట్లు పక్కకు పోయినా ఫలితం చెడుతుంది. రెండు వైపులా కొలిచాం: హీటర్‌కు ఇచ్చిన కరెంటు ఒకటి, పైన నీళ్లు తీసుకెళ్లిన వేడి రెండోది. నీళ్లు నిమిషానికి 2 లీటర్లు పోతుంటే 110 వాట్లకు వాటి వేడి పెరిగేది 0.8 డిగ్రీ కన్నా తక్కువ. ఒకదానితో ఒకటి సరిపోల్చిన థర్మిస్టర్ల (సన్నటి వేడి తేడాలు పట్టే సెన్సర్ల) జత లేకుండా ఇది కుదరదు. ప్లేటులోపలి సెన్సర్ రీడింగే ద్రవం అంచు ఉష్ణోగ్రత అనుకోకూడదు కూడా. 110 వాట్ల దగ్గర 20 మి.మీ. రాగిలోనే ఒక డిగ్రీ పైగా పడిపోతుంది.

ఎంతసేపు ఆగాలి? వేడి గాలియం గుండా ఆ చివరి నుంచి ఈ చివరికి వ్యాపించే సమయం లెక్క ప్రకారం ఎనిమిదిన్నర నిమిషాలు. అరగంట ఆగితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. చుట్టూ ఉన్న ఫోమ్ ఇన్సులేషన్ నిదానంగా వేడెక్కుతుంది. దానికి తోడు అయస్కాంతపు కాయిల్స్ తామే వెచ్చబడి సెల్ చుట్టూ గాలిని మారుస్తాయి. ఇచ్చిన వేడి, నీళ్లు తీసుకెళ్లిన వేడి ఒకచోట నిలవడానికి ప్రతి బిందువు దగ్గరా మూడు నాలుగు గంటలు పట్టింది. రోజుకు రెండు మూడు రీడింగులకు మించి రావు. ఈ నిదానం మొదట్లో చిరాకు తెప్పించింది. తర్వాత తొందరపడి తీసిన పాయింట్లన్నీ పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు చిరాకు పోయింది.

క్షేత్రం పెంచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. హీటర్ వాట్లు మార్చకుండా క్షేత్రం పెడితే కన్వెక్షన్ తగ్గుతుంది, వేడి కింద పోగవుతుంది. 110 వాట్లు అలాగే ఉంచి ప్రవాహాన్ని పూర్తిగా ఆపితే రెండు ప్లేట్ల మధ్య తేడా 58 డిగ్రీల దాకా పోతుంది, కింది ప్లేటు 90 దాటుతుంది. ప్రవాహ వేగం కొలవడానికి పెట్టిన అల్ట్రాసౌండ్ ప్రోబ్ అంత వేడికి ఆగదు. పైగా ఉష్ణోగ్రత తేడా మారితే రేలీ సంఖ్య కూడా మారిపోతుంది, ఏ రెండు పాయింట్లనూ పోల్చలేం. తేడాను 10 దగ్గర పట్టి ఉంచే కంట్రోలర్ పెట్టి, క్షేత్రం చిన్న చిన్న మెట్లలో పెంచాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి పెంచుకుంటూ రావాలి. కరెంటు సున్నా చేసినా అయస్కాంతపు ఇనుములో కొన్ని మిల్లీటెస్లాలు మిగిలే ఉంటాయి, క్షేత్రాన్ని కొలిచే హాల్ ప్రోబ్‌తో చూస్తేగాని తెలియదు.

ఫిబ్రవరిలో అసలు కొలతలు మొదలయ్యాయి. 20 నుంచి 35 మిల్లీటెస్లాల మధ్య మొదటి వింత కనిపించింది. క్షేత్రం లేనప్పుడు సెల్ అంతటినీ ఆక్రమించే ఒక పెద్ద సుడి ఉంటుంది: ఒక పక్క వేడి లోహం పైకి, ఎదురు పక్క చల్లనిది కిందికి. దాని వేగం అల్ట్రాసౌండ్‌లో సెకనుకు 15 నుంచి 18 మి.మీ. వచ్చింది. ఈ క్షేత్రంలో ఆ సుడి మొత్తం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. లోహం ఒకసారి పైకీ కిందికీ చుట్టివచ్చే సమయం కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా, కానీ ఎప్పుడూ ఒకే దిశలో. సెల్ ఒరిగిందేమోనని లెవెల్ పెట్టి చూశాం. సరిగ్గానే ఉంది. అయస్కాంతపు కరెంటు దిశ తిప్పగానే సుడి తిరిగే దిశ కూడా తిరగబడింది. ద్రవ గాలియం, దాన్ని తాకే లోహపు ప్లేటు రెండు వేర్వేరు లోహాలు. అవి కలిసే చోట ఒక పక్క వేడి, ఒక పక్క చలి ఉంటే థర్మోకపుల్‌లోలాగే కరెంటు పారుతుంది. ఆ కరెంటు మీద క్షేత్రం బలం చూపిస్తుంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం 2022లో ఇదే విషయాన్ని ప్రచురించింది. విద్యుత్తు పారని ప్లేట్లు పెడితే వాళ్లకు ఆ భ్రమణం కనబడలేదు. కాబట్టి తక్కువ క్షేత్రంలో ప్రతి పాయింటునూ క్షేత్రం రెండు దిశల్లోనూ పెట్టి తీయండి. సమయం రెట్టింపవుతుంది, అయినా తప్పదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. చంద్రశేఖర్ లెక్క ప్రకారం మా రేలీ సంఖ్యకు 0.11 టెస్లా దగ్గర కన్వెక్షన్ ఆగిపోవాలి. 0.11 దాటాక నడిమి సెన్సర్ గీత కదలడం మానేసింది. కళ్లకు కట్టినట్టు నిశ్చలం. అక్కడే ఆగిపోయి ‘ప్రవాహం అణిగిపోయింది’ అని రాసుకోవడం చాలా సులువు. కానీ హీటర్ మీటర్ 19 వాట్ల దగ్గరికి రాలేదు. పక్కలకు పోయే వేడి నష్టాలు తీసేశాక కూడా అందుకు దాదాపు ఒకటిన్నర రెట్లు మిగిలింది. ప్లేటుకు గాలియం సరిగ్గా అంటకపోవడం కారణమా అంటే, అలాగైతే వాట్లు తగ్గాలి, పెరగకూడదు. గోడ దగ్గరి సెన్సర్లు అసలు విషయం చెప్పాయి: ఒకటి వేడి, పక్కది చల్లన, మళ్లీ వేడి. ప్రవాహం చావలేదు, గోడకు చేరుకుంది. క్షేత్రం లోపల కరెంటు చుట్లు పూర్తికాకుండా గోడ అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ క్షేత్రపు అదుపు సడలుతుంది. చంద్రశేఖర్ లెక్క పక్క గోడలు లేని, అనంతంగా పరుచుకున్న పొరకు. సెల్‌కు గోడ ఉంటుంది. ఈ గోడ ప్రవాహానికి బుస్సె అనే శాస్త్రవేత్త 2008లో ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే మా సెల్‌లో గోడ ప్రవాహం 0.24 టెస్లా దగ్గర గాని ఆగదు. జర్మనీలోని డ్రెస్డెన్, ఇల్మెనౌ నగరాల పరిశోధకులు కంప్యూటర్ లెక్కల్లోనూ ప్రయోగంలోనూ ఈ గోడ ప్రవాహాలను ఇప్పటికే చూపించారు. నడిమి సెన్సర్ ఒక్కటే ఉన్నవాళ్లకి మాత్రం 0.11 నుంచి 0.24 దాకా ఉన్న మొత్తం ప్రాంతం కనబడకుండా పోతుంది.

8 సెన్సర్లు చాలవన్నది ఇక్కడే. చుట్టూ వేడి-చలి జతలు రెండో మూడో ఉంటే 8తో పట్టుకోవచ్చు. నాలుగు జతలైతే, సెన్సర్లన్నీ సరిగ్గా వేడికీ చలికీ నడుమ పడితే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. 16 పెట్టండి. గోడకు రంధ్రాలు ముందే వేయించుకుని, వాడనివాటికి బిరడాలు పెట్టుకోవచ్చు. లోహం నింపాక కొత్త రంధ్రం వేయడం అంటే మళ్లీ మొదటి నుంచి.

0.3 టెస్లా దగ్గర మీటర్ చివరికి 19 వాట్ల పక్కకు దిగింది. ఈ పాయింటు ఫలితం కోసం కాదు, నమ్మకం కోసం తీయాలి. ఇక్కడ 19 కంటే బాగా తక్కువ వస్తే ప్లేటు మీద అంటు చెడింది, లేదా బుడగ చేరింది. ఎక్కువ వస్తే నష్టాల లెక్క తప్పు. వారానికోసారి ఈ పాయింటుకు వచ్చి చూసుకుంటూ ఉంటే సెల్ లోపల చెడినది ఏదైనా ఆ వారంలోనే తెలుస్తుంది.

అల్ట్రాసౌండ్ గురించి రెండు మాటలు. 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్, గాలియంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 2870 మీటర్లు. ప్రోబ్ ముఖానికి కూడా గాలియం అంటాలి, లేకపోతే ప్రతిధ్వని అసలు రాదు. లోహంలో తేలే ఆక్సైడ్ రేణువులే సంకేతాన్ని వెనక్కి పంపేవి. బలమైన క్షేత్రంలో రోజుల తరబడి ప్రవాహం మందగించి ఉంటే అవి గోడలకు చేరిపోయి సంకేతం చిక్కడం మానేస్తుంది. క్షేత్రం తీసేసి ఒక గంట కన్వెక్షన్ జోరుగా నడవనిస్తే రేణువులు మళ్లీ కలుస్తాయి.

ఖాళీ చేసేటప్పుడు సెల్‌ను 40 డిగ్రీల దగ్గర ఉంచి, ఆర్గాన్ కింద, కింది రంధ్రం గుండా తీయాలి. మెత్తటి పాలిథిన్ సీసాల్లోకే పోయాలి, గాజు సీసాలో పోస్తే గడ్డకట్టినప్పుడు పగిలిపోతుంది. సీసా మెడదాకా నింపకూడదు. ప్లేట్లకు అంటిన పొరను తుడవొద్దు. దాని మీదే ఆర్గాన్ నింపి మూసి పెడితే తర్వాతి సారి దూది పుల్లతో మళ్లీ మొదలుపెట్టే పని తప్పుతుంది. మాకు 3 కిలోల్లో 2.8 దాకా వెనక్కి వచ్చింది. మిగిలింది తుడిచిన గుడ్డల్లో, ఆమ్లం సీసాలో ఉంది. దాన్ని సింకులో పోయకుండా విడిగా దాచాం.